మొదటి రౌండు మాస్టారు

మా బావ ఇరవై రెండేళ్లు ఒక చిన్న కాలేజీలో ఆటల మాస్టారుగా పనిచేశాడు. ఆ ఇరవై రెండేళ్లలో ఆ కాలేజీ ఏ ఆటలోనూ రెండో రౌండు ముఖం చూడలేదు. ఈ మాట ఎగతాళికి అనడం లేదు. ఎగతాళికైతే ఇంకా చాలా అంటాను. మా అక్కనిచ్చిన రోజునే ఆ హక్కు మా ఇంటికి దక్కింది.

కాలేజీలో అందరూ ఆయన్ని ఈల మాస్టారు అంటారు. గడ్డం గీసుకునేటప్పుడు కూడా మెడలో ఈల వేలాడుతూ ఉంటే ఇంకేమంటారు? నేను అదే కాలేజీలో లైబ్రేరియన్ని. నా పుస్తకాలు పై అంతస్తులో, ఆయన బంతులు మెట్ల కింద గదిలో. గది అంటే నిజంగా మెట్ల కిందే. పైకప్పు ఏటవాలుగా దిగుతుంది. పొడుగ్గా ఉన్న పిల్లలు లోపలికి వెళ్లిన ప్రతిసారీ నుదురు తడుముకుంటూ బయటికొస్తారు. ఒక మూల గాలి పంపు, ఒక మూల చిరిగిన వలలు, మధ్యలో కాలు విరిగితే ఇటుక పెట్టిన బల్ల, అన్నిటి మీదా నొప్పుల మందు వాసన. మా బావకి ఆ గది స్వర్గం. పొద్దున్నే వచ్చి బంతులన్నీ ఒక్కొక్కటే నొక్కి చూస్తాడు, జ్వరం చూసినట్టు.

మా ప్రిన్సిపాల్‌కీ ఆ గది మీద మనసుంది. కొత్త కంప్యూటర్లు వచ్చి అట్టపెట్టెల్లో మూలుగుతున్నాయి, పెట్టుకోవడానికి చోటు లేదు. అయితే ఆటల మాస్టారు ఉన్నంతకాలం ఆటల గది ఉండాలి. ఆటల మాస్టారు ఎంతకాలం ఉండాలో యూనివర్సిటీ నిబంధన చెబుతుంది: పేరిచ్చిన ఏ ఆటకైనా జట్టు మైదానానికి రాకపోతే, మధ్యలో వదిలేసి వెళ్లినా సరే, ఆ కాలేజీకి మరుసటి ఏడాది ఆటల శాఖ ఉండదు. ఓడిపోతే ఏ బాధా లేదు. ఎన్నేళ్లు ఓడిపోయినా అడిగే దిక్కు లేదు. రాకపోతేనే తంటా.

శాఖ పోతే మా బావ ఉద్యోగం పోదు. పరీక్షల విభాగంలో హాల్ టికెట్లు ఇచ్చే కిటికీ దగ్గర కుర్చీ వేస్తారు. ఆ కిటికీ పేరెత్తితేనే ఆయనకి గుండె గుభేలుమంటుంది. మనిషి తల మాత్రం పట్టేంత కిటికీ అది. రోజంతా దానికి ఇటువైపు కూర్చోవాలి. కూర్చోవడం అనేది మా బావ జీవితంలో భోజనానికి తప్ప చేసిన పని కాదు.

కాబట్టి ఆయన తన విద్యనంతా ఒకే విషయం మీద పెట్టాడు. హాజరు కావడం. "వెళ్లాం, ఆడాం, వచ్చాం. అంతే రా," అనేవాడు నాతో. నేను పెదవి విరిస్తే, "నీ లైబ్రరీలో పుస్తకాలు ఎవరైనా చదువుతున్నారా? అయినా రోజూ దుమ్ము దులుపుతున్నావా లేదా?" అనేవాడు. ఆ దెబ్బకి నేను దుమ్ము గుడ్డ తీసుకుని పై అంతస్తుకి పోయేవాణ్ణి.

హాజరు కావడం అంత తేలిక కాదు. మా కాలేజీ పిల్లల్లో ముప్పాతిక మంది సాయంత్రం బస్సు తప్పితే ఇల్లు చేరలేరు. ఆటలకి మిగిలేది పదకొండు మంది. ఫుట్‌బాల్ జట్టు ఆ పదకొండు మందే. వాళ్లలో ఆరుగురు వాలీబాల్ జట్టు, ఐదుగురు బాస్కెట్‌బాల్ జట్టు, ఇద్దరు టేబుల్ టెన్నిస్ జట్టు. పరుగు పందాలకి ఆ పూట ఆయాసం లేనివాడు వెళ్లేవాడు. చొక్కాలూ అవే. వెనక అంకెలు ఏ ఆటకీ సరిపోయేవి కావు. ఫుట్‌బాల్ మైదానంలో గోల్‌కీపర్ వీపు మీద నలభై ఒకటి అని ఉంటే అవతలివాళ్లు మిగతా నలభై మంది ఎక్కడున్నారని వెతుక్కునేవారు.

ఓడిపోవడంలో మా బావకి కొన్ని పట్టింపులున్నాయి. అంపైర్ జాలిపడేంతగా ఓడిపోకూడదు. వాదించకూడదు. గెలిచినవాళ్ల చేయి గట్టిగా పట్టుకుని ఊపాలి. మిగతా జట్లకంటే ముందు బస్సెక్కాలి. పిల్లలు వీటిని తు.చ. తప్పకుండా పాటించేవారు.

ఇరవై మూడో ఏడాదీ అలాగే మొదలైంది. టేబుల్ టెన్నిస్‌లో మా ఇద్దరూ చెమట పట్టకముందే ఓడిపోయారు. బాస్కెట్‌బాల్‌లో మావాళ్లు మొదటి సగం బాగా ఆడారు, రెండో సగంలో అవతలివాళ్లు కూడా ఆడటం మొదలుపెట్టారు. పరుగు పందెంలో మావాడు నాలుగో స్థానం తెచ్చాడు. బావ దాన్ని అందంగా రాసి నోటీసు బోర్డుకి అంటించాడు. పందెంలో ఎంతమంది పరుగెత్తారో రాయలేదు. నలుగురే.

తరవాత ఫుట్‌బాల్.

ఇక్కడ మా మైదానం గురించి చెప్పాలి. అది మైదానంలో సగం. మిగతా సగం ఉండాల్సిన చోట గోడ, గోడ అవతల కలప అడితి. అడితి యజమానికి నోటి దురుసు ఎక్కువ. బంతి గోడ దాటితే, కొట్టినవాడే రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లి, ఆయన తిట్లన్నీ నించుని విని, బంతి తెచ్చుకోవాలి. ఇది బావ పెట్టిన పద్ధతి. దాంతో మా పిల్లలు బంతిని మోకాలి ఎత్తుకి మించి లేపడం మరిచిపోయారు. గోలు ఎదురుగా ఉన్నా సరే, నేల మీదే దొర్లిస్తారు. మిగతా కాలేజీలవాళ్లు చూసి నవ్వేవారు.

మొదటి రౌండులో మాకు పడింది ఊళ్లోకెల్లా పెద్ద కాలేజీ. వాళ్లకి ముగ్గురు కోచ్‌లు, ఒక డాక్టరు, నీళ్లందించడానికి వేరే మనుషులు. ఆ రోజు వర్షం దంచి కొట్టింది. మైదానం మీద నీళ్లు, నీళ్ల మీద గాలి. వాళ్లు బంతిని ఆకాశంలోకి లేపితే గాలి ఎటో తీసుకుపోయింది. వాళ్ల కోచ్‌లు ముగ్గురూ మూడు రకాలుగా అరిచారు. మావాళ్లు అలవాటు ప్రకారం అడితి యజమానికి భయపడుతూ నేల మీదే బంతిని తోసుకుంటూ పోయారు. పోయి పోయి చూస్తే ఎదురుగా గోలుంది. మావాడు కొట్టాడు. కొట్టి, అద్దం పగలగొట్టినవాడిలా బావ వైపు చూశాడు.

ఒకటి–సున్నా. గెలిచాం.

పిల్లలు బురదలో దొర్లారు. బావని భుజాల మీదికి ఎత్తారు. నేను కూడా, నా వయసూ నా కీళ్లూ మరిచిపోయి, గంతులు వేశాను. బావ మాత్రం ఆ భుజాల మీద ముఖం పాలిపోయి కూర్చున్నాడు. కిందికి దిగగానే నా చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్లాడు.

"ఒరేయ్, ఫుట్‌బాల్ రెండో రౌండు ఎప్పుడో తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది బావా? మనం ఎప్పుడైనా వెళ్లామా?"

"వాలీబాల్ మొదటి రౌండు రోజే. పొద్దున వాలీబాల్, మధ్యాహ్నం ఫుట్‌బాల్. ఇది ఊరికి ఈ చివర, అది ఆ చివర."

నాకు విషయం మెల్లగా తలకెక్కింది. ఫుట్‌బాల్ మొదలుపెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. వాలీబాల్‌కి ఆరుగురు. మా దగ్గరున్నది పదకొండు మంది, వాలీబాల్ ఎక్కువసేపు సాగితే ఫుట్‌బాల్‌కి మనుషులుండరు. కొత్తవాళ్లని చేర్చుకుందామంటే ఆటగాళ్ల పేర్లు పంపే గడువు ఏడాది మొదట్లోనే అయిపోయింది. ఇన్నేళ్లూ ఈ చిక్కు రాలేదంటే మొదటి రౌండులోనే ఓడిపోయే మా మంచి అలవాటే కారణం.

మర్నాడు ప్రిన్సిపాల్ మా ఇద్దరినీ తన గదికి పిలిచి బావ చెయ్యి ఊపి ఊపి వదిలిపెట్టాడు. "శభాష్ మాస్టారూ! కాలేజీ పేరు నిలబెట్టారు. అన్నట్టు, రెండాటలూ ఒకే రోజంటగా?" అన్నాడు. ఆ 'అన్నట్టు'లో కంప్యూటర్ల పెట్టెలు విప్పుతున్న చప్పుడు నాకు వినిపించింది.

బావ నన్ను వెంటబెట్టుకుని యూనివర్సిటీ ఆటల కార్యదర్శి దగ్గరికి వెళ్లాడు. ఆ పెద్దమనిషి టీ తాగుతూ అంతా విన్నాడు.

"తేదీ మార్చడం కుదరదండీ. మీ కాలేజీ రెండో రౌండుకి వస్తుందని మేమెవరం అనుకోలేదు. మీరైనా అనుకున్నారా?"

"లేదండీ," అన్నాడు బావ. అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదు.

"మరి?" అని కార్యదర్శి టీ కప్పు కింద పెట్టాడు. మాట అక్కడితో అయిపోయింది.

ఇంటికొచ్చాక బావ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. అక్కకి ఒళ్లు మండింది. "ఒక్కసారి గెలిస్తే ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చుంటారేంటండీ? పొద్దున పూట వాలీబాల్ ఓడిపోండి. మధ్యాహ్నం ఫుట్‌బాల్‌కి వెళ్లండి. ఓడిపోవడం మీకు కొత్తా?"

"ఓడిపోవడం కొత్త కాదు. టైముకి ఓడిపోవాలి. అది కొత్త," అన్నాడు బావ.

కానీ ఆ మాటే ఖాయమైంది. మూడు సెట్లు వరసగా పోగొట్టుకుంటే గంట పట్టదు. ఆ మాట పిల్లలకి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం మా బావ నీళ్లు నమిలాడు. "వాలీబాల్ త్వరగా ముగించాలి, తెలిసిందా?" అన్నాడు. తెలిసిందన్నట్టు అందరూ తలలూపారు. వాళ్ల కెప్టెన్ని మిగతావాళ్లు మెత్తన అని పిలుస్తారు, కసిరినా నవ్వుతాడు కాబట్టి. ఆ మెత్తన ఒక్కడే తల ఊపలేదు.

ఆట రోజు వాలీబాల్ హాలుకి మేం అందరికంటే ముందు చేరాం. మాకు ముందున్న జట్లు రెండూ పట్టుదల మనుషులు, పొద్దెక్కేదాకా కోర్టు వదల్లేదు. బావ హాలు గోడ మీదున్న గడియారం కింద అటూ ఇటూ నడిచాడు. చివరికి మా వంతు వచ్చింది. అవతలి జట్టుని చూసి నా కళ్లు నేనే నమ్మలేదు. మాకంటే చిన్న కాలేజీ ఒకటి ఈ లోకంలో ఉందని నాకు అంతవరకూ తెలియదు. వాళ్ల చొక్కాలు మా చొక్కాలకంటే పాతవి. వాళ్ల మాస్టారు మెడలోనూ ఈల ఉంది. ఆయన మా బావని చూసి నమస్కారం పెట్టాడు. బావ ప్రతినమస్కారం చేశాడు. ఇద్దరూ ఒకరి మొహంలో ఒకరు ఏం చూసుకున్నారో నేను చెప్పక్కర్లేదు.

మొదటి సెట్టు మేం ఓడిపోయాం. బావ ఊపిరి పీల్చుకున్నాడు. రెండో సెట్టులో అవతలివాళ్ల సర్వీసులన్నీ నెట్టుకి తగిలి కిందపడ్డాయి. మావాళ్లు కదలకుండా నించుంటేనే సెట్టు గెలిచారు. మూడోది మళ్లీ వాళ్లకి పోయింది. నాలుగో సెట్టులో ఏదో జరిగింది. మెత్తన పైకెగిరి ఒక బంతిని బాదాడు. అది అవతలి కోర్టు మధ్యలో పడి పైకప్పుదాకా లేచింది. నేల మీద దొర్లించడానికి అలవాటుపడ్డ పిల్లలు అది చూసి ఒక్క క్షణం బిక్కచచ్చిపోయారు. ఆ తరవాత ఒకరి తరవాత ఒకరు ఎగరడం మొదలుపెట్టారు. ఎగిరి బాదినందుకు ఇక్కడ ఎవరూ తిట్టరని వాళ్లకి అప్పుడే తెలిసినట్టుంది. సెట్టు మాదే అయింది.

రెండు–రెండు. ఇక ఐదోది.

నేను గడియారం చూశాను. వెంటనే బయల్దేరితే ఫుట్‌బాల్ అందుకోవచ్చు, కానీ మధ్యలో వదిలేసి వెళ్తే అదీ రానట్టే లెక్క. ఐదో సెట్టులో గబగబా ఓడిపోయినా అందుకోవచ్చు. పోరాడితే మాత్రం, గెలిచినా ఓడినా, కుదరదు. ఈ లెక్క పదకొండు మందికీ తెలుసు. హాల్ టికెట్ల కిటికీ గురించీ తెలుసు. కాలేజీలో ఏ రహస్యమైనా పిల్లలకే ముందు తెలుస్తుంది.

అందరూ బావ చుట్టూ చేరారు. మెత్తన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, నా సర్వీసులు నెట్టుకి కొట్టేయమంటారా? ఎవరికీ అనుమానం రాదు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది."

బావ నోరు తెరిచాడు. నాకు ఆయన గొంతులో మాట కదలడం కనిపించింది. 'ఓడినా పరవాలేదు' అని ఆయన ఇరవై రెండేళ్లలో వెయ్యిసార్లు అని ఉంటాడు. 'ఓడిపోండి' అని ఒక్కసారీ అనలేదు. రెండు మాటలకీ మధ్య ఎంత దూరం ఉందో నాకూ ఆ రోజే తెలిసింది. "అను బావా, అనేసెయ్," అని నేను లోపల్లోపల బతిమాలుకుంటున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు ఆ క్షణంలో ఆట అక్కర్లేదు, మా బావ మెట్ల కింద గదిలో ఉంటే చాలు.

బావ నోరు మూసుకున్నాడు. గడియారానికి వీపు పెట్టి నించున్నాడు.

"నీ సర్వీసు పొడుగ్గా పోతోంది రా. ఒక అడుగు వెనక్కి నిలబడి కొట్టు," అన్నాడు మెత్తనతో. "మిగతావాళ్లు నెట్టుకి అంత దగ్గరగా పోకండి. నీళ్లు తాగండి. వెళ్లండి."

ఆ సెట్టు అయిపోయే వేళకి నా గొంతు పోయింది. ఒక దశలో అవతలి మాస్టారు కూడా అరుస్తూ కుర్చీ ఎక్కాడు, ఆయన కుర్చీ విరిగింది. రెండు పాయింట్ల తేడాతో మేం గెలిచాం. పిల్లలు గెంతులు వెయ్యలేదు. చేతులు కలిపి, సంచులు భుజాన వేసుకుని, బస్సు వైపు పరుగెత్తారు. మా బావ అందరికంటే ముందు.

ఊరికి ఆ చివర మేం చేరేసరికి ఫుట్‌బాల్ మైదానంలో గోలు వలలు విప్పి చుట్టేస్తున్నారు. అవతలి జట్టు ఆడకుండానే వాకోవర్ గెలుపు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయిందట. రిఫరీ సైకిలుకి గాలి కొట్టుకుంటూ, "రాలేదని రాసేశానండీ. గడువు దాటాక ఇంకో అరగంట చూశాను," అన్నాడు. మంచివాడే పాపం. ఎవర్ని తిట్టాలో తెలియక నేను బస్సు డ్రైవర్ని తిట్టాను.

ఆ తరవాతి వారం మా కాలేజీ గేటుకి పెద్ద గుడ్డ బ్యానరు కట్టారు. 'వాలీబాల్ రెండో రౌండులో మన కాలేజీ' అని అక్షరాలు, పక్కన ప్రిన్సిపాల్ ఫొటో. ఆ ఫొటో కింద నుంచే మనుషులు మెట్ల కింద గదిలోకి కంప్యూటర్లు మోసుకెళ్లారు. శాఖ పోయేది మరుసటి ఏడాదే అయినా మా ప్రిన్సిపాల్‌కి మంచి పనుల్లో ఆలస్యం గిట్టదు. ఏటవాలు కప్పు కింద కంప్యూటర్లు పట్టవని మోశాక తెలిసింది. మళ్లీ అట్టపెట్టెల్లో పెట్టి అక్కడే వదిలేశారు. బంతులు నా లైబ్రరీలో చరిత్ర పుస్తకాల పక్కకి వచ్చాయి.

బావ కిటికీ వెనక కూర్చున్నాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అక్క రెండు రోజులు కళ్లొత్తుకుంది కానీ ఆయన కంట్లో తడి లేదు. నేనే ఓర్చుకోలేక ఒకసారి అడిగాను.

"బాధగా లేదా బావా?"

"కుర్చీ కొంచెం ఎత్తు తక్కువైంది రా," అన్నాడు. అంతే.

వాలీబాల్ రెండో రౌండుకి జట్టు వెంట వెళ్లడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. ప్రిన్సిపాల్ నన్ను మేనేజరుగా వేశాడు. బంతుల్లో ఏది ఏ ఆటదో నాకు ఇప్పటికీ తడుముకుంటే గానీ తెలియదు. బావ ఆ రోజు సెలవు పెట్టాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన ఆట కోసం సెలవు పెట్టడం అదే మొదలు, అంతకుముందు అవసరం ఏముంది గనక? అధికారులు తప్ప లోపలికి రాకూడదంటే పై గ్యాలరీలో జనం మధ్య నించున్నాడు. నేను కోర్టు పక్క కుర్చీలో కూర్చుని, మెత్తన ఏది అడిగినా గ్యాలరీ వైపు చూశాను. పైనుంచి బావ చేతులతో సైగలు చేస్తే నేను కిందికి అందించాను. సగం తప్పుగా అందించి ఉంటాను.

మూడు సెట్లలో ఓడిపోయాం. మొదటిది చిత్తుగా. రెండోదాంట్లో చాలాసేపు మేమే ముందున్నాం, చివర్లో జారిపోయింది. మూడోదాంట్లో ఓపిక లేదు. ఓడిపోయాక పిల్లలు అవతలివాళ్ల చేతులు గట్టిగా పట్టుకుని ఊపారు. మిగతా జట్లకంటే ముందు బస్సెక్కారు. పాటలు పాడుకుంటూ ఇళ్లకి పోయారు.

బావా నేనూ ఇంటికి నడిచాం. గుమ్మం దాటి, చెప్పులు విడిచి, వంటింట్లోకి వెళ్లి నీళ్ల గ్లాసు తీసుకున్నాడు. తాగలేదు. గట్టు మీద గ్లాసు పెట్టేసి, గోడకి ఆనుకుని, వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు.

ఇన్నాళ్లూ లోపల దాచుకున్న ఉద్యోగం బాధ ఇప్పుడు బయటపడిందనుకుని అక్క గబగబా దగ్గరికి వెళ్లింది.

"ఊరుకోండి. పోతే పోయింది వెధవ గది. కిటికీ అయితే మాత్రం ఏం, కూర్చుని చేసే పనే కదా. ఊరుకోండి."

బావ తల అడ్డంగా ఊపాడు. ముక్కు ఎగబీలుస్తూ, చిన్నపిల్లాడిలా నా వైపు వేలు చూపించాడు.

"రెండో సెట్టు మనదే రా. చేతికొచ్చింది. వెనక మూల ఖాళీగా ఉందని ఎన్నిసార్లు చూపించాను నీకు? అక్కడ కొడితే అయిపోయేది. ఎలా పోగొట్టాం రా అది?"

అక్క నా వైపూ ఆయన వైపూ మార్చి మార్చి చూసింది. ఇరవై రెండేళ్లుగా ఓడిపోయి నవ్వుతూ ఇంటికొచ్చిన మనిషి ఆయన. బావ వెనక్కి తిరిగి గోడకేసి చేత్తో గట్టిగా కొట్టాడు, నొప్పి పుట్టి చెయ్యి విదిలించుకున్నాడు, మళ్లీ ఏడ్చాడు. అక్క పొయ్యి ఆపేసి వచ్చి ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.